గీతలు నాలుగున్నాయి, మాట మాత్రం లేదు

పుష్యమాసం. తెల్లవారి ఏడు గంటలైంది. పల్నాడులో వొక పల్లె అనుకొందాం. వసారాలో పత్తి బోరేలు పేర్చి వున్నాయి. మీ నాన్నగారు ఫోను మీ చేతికిచ్చి, "చూడమ్మా, నువ్వయితే త్వరగా చేస్తావు, స్లాటు బుక్ చెయ్యి" అన్నారు. మీరు కూర్చున్నారు. అడిగినవన్నీ నింపారు. ఇక ఫోనుకు వచ్చే ఆరంకెల ఓటీపీ వొక్కటే మిగిలింది. అది రాదు. పెరట్లోకి వెళ్ళారు, రాలేదు. మేడ ఎక్కారు, వచ్చింది. కాని అప్పటికే గడువు దాటిపోయింది. మళ్ళీ మొదటినుంచీ నింపాలి. ఇంతలో ఆ రోజుకు స్లాట్లు అయిపోయాయి.

ఇది చిన్న విషయమా? కాదు. 2025లో భారత పత్తి సంస్థ, అంటే మనవాళ్ళు సీసీఐ అని పిలిచే సంస్థ, "కపాస్ కిసాన్" అనే యాప్ తెచ్చింది. మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు అందులో పేరు నమోదు చేసుకొని, ఫలానా రోజున తెస్తానని ముందుగా స్లాటు తీసుకోవాలి. 2025–26 పంటకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర పడిపోయిన రోజుల్లో ఆ స్లాటు దొరకడానికీ, దొరకకపోవడానికీ మధ్య తేడా వొక కుటుంబం ఏడాది కష్టమంత వుంటుంది.

మిరప రైతుకూ ఇదే గొడవ. కల్లంలో కాయ ఎండింది. ఇవాళ గుంటూరు యార్డులో ధర ఎంత పలికింది? టిక్కీలు లారీకి ఎత్తించాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టించాలా? కమీషను ఏజెంటుకు ఫోను చేశారు. "ధర..." అన్నాడాయన. అంతే, ఫోను తెగింది! తెరమీద చూస్తే గీతలు నాలుగూ నిండుగానే వున్నాయి.

అప్పుడు మీ ఇంట్లో ఏమంటారు? "ఈ కంపెనీవాళ్ళు డబ్బులు మాత్రం సరిగ్గా లాగుతారు" అంటారు. కోపం న్యాయమైనదే. కాని కోపానికి కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం లెక్కలు తోడైతే అది ఫిర్యాదు అవుతుంది. ఉత్త కోపానికి జవాబు చెప్పనక్కర్లేదు. అంకెలున్న ఫిర్యాదుకు ఎవరైనా జవాబు చెప్పి తీరాలి. అందుకే ఈ వ్యాసం.

తాతగారి కాలంలో

మీ తాతగార్ని అడిగి చూడండి, ట్రంకు కాల్ అంటే ఏమిటో చెబుతారు. వేరే వూరికి ఫోను చేయాలంటే పోస్టాఫీసుకు వెళ్ళి, నెంబరు రాసిచ్చి, బల్లమీద కూర్చోవాలి. ఆపరేటరమ్మ ఎక్స్‌ఛేంజి తర్వాత ఎక్స్‌ఛేంజిని తీగలతో కలుపుతూ పోవాలి. ఎక్కువ డబ్బు కడితే "అర్జంటు", ఇంకా ఎక్కువ కడితే "లైట్నింగు", అంటే మెరుపు కాల్! ఆ మెరుపు కూడా కొన్నిసార్లు గంటల తరబడి మెరిసేది కాదు.

ఆపరేటరుతో పనిలేకుండా వూరినుంచి వూరికి నేరుగా తిప్పే ఎస్.టి.డి. పద్ధతి మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. ఇంట్లో ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి కాచుకొన్న కుటుంబాలు మన జిల్లాల్లో బోలెడు. 1995 జులై 31న దేశంలో మొదటి సెల్ ఫోను కాల్ జరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలైంది. ఇప్పుడు దేశంలో సెల్ ఫోను కనెక్షన్లు 110 కోట్లకు పైమాటే.

ఆనాటి బాధ ఫోను దొరకకపోవడం. ఈనాటి బాధ దొరికిన ఫోను పలకకపోవడం. రెండూ బాధలే, కాని కారణాలు వేరు. ఇప్పుడా కారణాల్లోకి వెళదాం.

తేనెపట్టు లాంటి గూళ్ళు

సెల్ అంటే గది, గూడు. తేనెపట్టులో గూళ్ళు ఎలా వొకదాని పక్కన వొకటి వుంటాయో, అలాగే నేలనంతటినీ కంపెనీవారు చిన్న చిన్న గూళ్ళుగా పంచుకొంటారు. ప్రతి గూటికీ వొక టవరు మీది యాంటెన్నా దిక్కు. మీ ఫోనుకూ ఆ టవరుకూ మధ్య తీగ లేదు. వున్నవి విద్యుదయస్కాంత తరంగాలు. అంటే వెలుగుకు దాయాదులు. వేగం కూడా వెలుగు వేగమే, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు.

తరంగదైర్ఘ్యం ఎంతో మీరే లెక్క కట్టండి. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే సరి. 900 మెగాహెర్ట్‌జ్ తరంగానికి సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మీ స్కేలుకంటే కాస్త పొడవు. 5జి కోసం వాడే 3,300 మెగాహెర్ట్‌జ్ తరంగానికి సుమారు 9 సెంటీమీటర్లే. పొడుగు తరంగాలు గోడలనూ చెట్లనూ కొంచెం తేలికగా దాటిపోతాయి. పొట్టి తరంగాలు ఎక్కువ సమాచారం మొయ్యగలవు గాని త్వరగా అలసిపోతాయి. అందుకే "మా వూళ్ళో 5జి వచ్చింది" అన్నంత మాత్రాన మీ ఇంటి లోపలి గదిలో కూడా వచ్చిందని కాదు.

"మాది కొండలు లేని మైదానం గదా, అడ్డేముంది?" అంటారా? అడ్డు మనమే కట్టుకొన్నాం. ఇనుప రేకు తరంగాన్ని వెనక్కి కొడుతుంది. జిన్నింగు మిల్లు రేకుల షెడ్డులోనూ, కోల్డ్ స్టోరేజీ గోడల మధ్యా ఫోను మూగబోవడం అందుకే. ఇనుప చువ్వలున్న సిమెంటు శ్లాబు కూడా చాలామటుకు మింగేస్తుంది. ఇక కొండవీటి కొండల వెనక వున్న వూళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండకు కొండ నీడ పడ్డట్టే, టవరుకూ నీడ పడుతుంది.

దూరం సంగతి చూడండి. ఖాళీ ప్రదేశంలో దూరం రెండింతలైతే అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు. నేలమీద, ఇళ్ళ మధ్య అంతకంటే త్వరగా తగ్గుతుంది. టవర్లు దూర దూరంగా వున్న పల్లెల్లో, రెండు గూళ్ళ పొలిమేరలో వున్న ఇళ్ళకు ఇదే శాపం.

గీతలు చెప్పని సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. గీతలు నాలుగూ వుండగా ఫోను ఎందుకు తెగుతుంది?

గీతలు చెప్పేది వొక్కటే సంగతి: టవరు కేక మీ ఫోనుకు ఎంత గట్టిగా వినపడుతోందో. అంతే! అది వినపడినంత మాత్రాన మాట సాగాలని లేదు. కారణాలు మూడు.

మొదటిది, మీ ఫోను గొంతు చిన్నది. టవరు పదుల వాట్లతో అరుస్తుంది. 4జి ఫోను ఎంత గట్టిగా అరిచినా సాధారణంగా వాటులో అయిదో వంతుకు మించదు. చెరువుకు అటు గట్టుమీద మైకులో చెప్పేది మీకు వినపడుతుంది. ఇటునుంచి మీరు పలికే మాట వారికి వినపడుతుందా? ఇదీ అలాంటిదే.

రెండవది, గుంపు. గూటికి ఇంత అని మోసే శక్తి వుంటుంది. తిరునాళ్ళనాడు కోటప్పకొండ దగ్గర ఫోను కలవకపోవడం మీలో కొందరికి అనుభవమే. టవరు దగ్గరే వుంది, గీతలు నిండుగానే వున్నాయి. కాని చోటు లేదు. బస్సు కనపడుతోంది, ఎక్కడానికి సందులేదు అన్నట్టు.

మూడవది, టవరు వెనక దారి. టవరు గాలిలో పట్టిన మాటను వూరు దాటించేది చాలావరకు భూమిలోనో స్తంభాల మీదనో పరచిన గాజు తీగ. అది తెగితే టవరు బతికే వుంటుంది, గీతలు చూపిస్తూనే వుంటుంది. కాని మాట ముందుకు పోదు. తపాలా డబ్బా వీధిలో వుంది. అందులోని వుత్తరాలు తీసుకుపోయేవాడు మాత్రం రావడంలేదు.

ఇవి కాక, ప్రయాణంలో వచ్చే తెగుడు వేరు. గుంటూరునుంచి చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు పోయే బస్సులో మీరు మాట్లాడుతున్నారు. మీ ఫోను దారి పొడుగునా చుట్టుపక్కల టవర్లను కొలుస్తూ, ఆ సంగతి నెట్‌వర్కుకు చెబుతూ వుంటుంది. నెట్‌వర్కు మిమ్మల్ని వొక గూటినుంచి మరొక గూటికి మాట తెగకుండా అందించాలి. రిలే పందెంలో కర్ర అందించినట్టు. అందుకోవలసిన గూట్లో చోటు లేకపోయినా, అందించడం క్షణం ఆలస్యమైనా కర్ర కింద పడుతుంది. మాట తెగుతుంది.

గాజు తీగ కథ

ఇంటికి వచ్చే ఇంటర్నెట్ మరో తరహా. ఇప్పుడది ఎక్కువగా దృశా తంతువు ద్వారా వస్తోంది. గాజుతో చేసిన ఈ తంతువు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం ఇంకా సన్నం, మిల్లీమీటరులో వందో వంతుకు లోపే. అందులో దూరిన వెలుగు బయటికి పోలేదు. ఎందుకో మీ పాఠ్యపుస్తకంలోనే వుంది: సంపూర్ణాంతర పరావర్తనం.

మన రాష్ట్రంలో వూరూరికీ ఈ తంతువును చేర్చడానికి ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకం పెట్టారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నది ఆనాటి ప్రకటన. త్వరగా, చవగ్గా పని జరగాలని తంతువును భూమిలో పాతకుండా చాలా మేరకు కరెంటు స్తంభాలమీదుగా లాగారు. ఇందులో లాభమూ వుంది, నష్టమూ వుంది. మట్టి తవ్వే యంత్రాల బెడద తప్పింది. గాలివానల బెడద వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున స్తంభం వొరిగితే దానితోపాటు తంతువూ వొరుగుతుంది. భూమిలో పాతిన తంతువుకు గాలి భయం లేదు. కాని రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, కాలువ పూడిక తీసేటప్పుడో వొక్క పార దెబ్బకు నాలుగు మండలాలు మూగబోవచ్చు.

తంతువు ఎక్కడ తెగిందో ఎలా తెలుసుకొంటారు? మీటరు మీటరూ నడిచి వెతకరు. వొక కొననుంచి వెలుగు తునక పంపుతారు. తెగినచోట అందులో కొంత వెనక్కి తిరిగి వస్తుంది, బావిలో కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్టు. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. తునక పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 80 పట్టిందనుకోండి. పోయి వచ్చిన దూరం 16 కిలోమీటర్లు. కనుక తెగినచోటు 8 కిలోమీటర్ల దూరంలో వుంది.

చూశారా! తెగినచోటు కనిపెట్టడం నిమిషాల పని. మరి మన ఇంటికి ఇంటర్నెట్ తిరిగి రావడానికి అన్ని రోజులెందుకు? అక్కడికి మనిషి వెళ్ళాలి. తెగిన కొనలను అతికే యంత్రం అతని దగ్గర వుండాలి. అతని చేతికింద ఎన్ని వూళ్ళున్నాయో ఆ లెక్క చూడాలి. అంటే ఆలస్యంలో సైన్సు వాటా తక్కువ, ఏర్పాట్ల వాటా ఎక్కువ. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. "తీగ తెగిందండీ" అన్న జవాబు సగం జవాబే. "ఎప్పుడు అతుకుతారు?" అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

"వరకు" అనే చిన్న మాట

ప్రకటనలో "100 ఎం.బి.పి.ఎస్. వరకు" అని రాస్తారు. 100 అంకె పెద్దది, "వరకు" అన్న మాట చిన్నది. కాని గుట్టంతా ఆ చిన్న మాటలోనే వుంది.

ముందు బిట్లూ బైట్ల తేడా చూడండి. వేగాన్ని బిట్లలో చెబుతారు. ఫైళ్ళను బైట్లలో కొలుస్తారు. 8 బిట్లు వొక బైటు. కనుక సెకనుకు 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే. 50 మెగాబైట్ల పాఠ్యపుస్తకం దిగడానికి అర సెకను చాలదు, 4 సెకన్లు పడుతుంది. ఇందులో మోసం లేదు, కొలమానం వేరు. శేరుకూ కిలోకూ తేడా తెలియకపోతే కొట్టువాడిని తిట్టి లాభం లేదు కదా!

ఇక "వరకు" సంగతి. ఇళ్ళకు వచ్చే తంతువు చాలాచోట్ల వొక్కో ఇంటికి వొక్కోటి కాదు. వొక తంతువునే వెలుగును పంచే పరికరంతో 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో చీలుస్తారు. బాగా వాడుకలో వున్న వొక పద్ధతిలో ఆ తంతువు మొత్తం మోసేది సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు. 64తో భాగించండి. ఇంటికి 39 చొప్పున వస్తుంది. పగటిపూట అందరూ పొలాల్లో వుంటారు, మీ వొక్కరికే 100 అందుతుంది. రాత్రి ఎనిమిదికి అందరూ వొకేసారి తెరముందు కూర్చొంటే? కాలువ చివరి చేనుకు నీరందనట్టే. నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూముల రైతు బిడ్డకు ఈ లెక్క ఇంకొకరు చెప్పాలా!

పంచుకోవడం తప్పు కాదు. పంచుకోకపోతే ఇంత చవగ్గా రాదు. కాని ఎంతమందికి పంచుతున్నారు, రద్దీ వేళ కనీసం ఎంత అందుతుంది అన్నది డబ్బు కట్టేవాడికి తెలియాలి. తెలియకపోవడమే మన ఫిర్యాదు.

సగటు చేసే గారడీ

మన దేశంలో టెలిఫోను సేవల తీరును నియంత్రించేందుకు 1997లో ట్రాయ్ అనే సంస్థ ఏర్పడింది. మధ్యలో తెగిపోయే కాల్స్ నూటికి రెండుకు మించకూడదని అది హద్దు పెట్టింది. నూటికి రెండంటే చాలా తక్కువ కదా, మరి మన వూళ్ళో ఇన్ని ఎందుకు తెగుతున్నాయి?

వొక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ కోసం నేను కల్పించిన లెక్క సుమా! 100 గూళ్ళున్నాయి. వొక్కో గూట్లో 1,000 కాల్స్. 95 గూళ్ళలో నూటికి 1 చొప్పున తెగాయి. మొత్తం 950. మిగిలిన 5 గూళ్ళలో నూటికి 20 చొప్పున తెగాయి. మొత్తం 1,000. రెండూ కలిపితే 1,950. లక్ష కాల్స్‌లో 1,950 అంటే నూటికి 1.95. హద్దు రెండు. పరీక్ష ప్యాసు! కాని ఆ అయిదు గూళ్ళలో వున్న వూళ్ళవారికి అయిదు కాల్స్‌లో వొకటి తెగుతోంది. మోకాటి లోతు సగటున్న ఏట్లో కూడా మనిషి మునిగిపోవచ్చు.

ఈ లోపాన్ని గుర్తించే 2017లో ట్రాయ్ కొలిచే పద్ధతి మార్చింది. సగటు కాకుండా, నూటికి తొంభై గూళ్ళయినా, నూటికి తొంభై రోజులైనా ఆ హద్దులోపల వుండాలని నియమం పెట్టింది. గణితంలో చిన్న మార్పే, కాని మూల నున్న పల్లెలకు పెద్ద మేలు.

అంతకుముందు మరో కథ జరిగింది. కాల్ తెగినప్పుడల్లా వినియోగదారుడికి వొక రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా తిరిగి ఇవ్వాలని 2015 అక్టోబరులో ట్రాయ్ ఆదేశించింది. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఎందుకు? ట్రాయ్ సొంత సాంకేతిక పత్రంలోనే, తెగిన కాల్స్‌లో సగటున 36.9 శాతం వినియోగదారుల వైపు కారణాల వల్ల అని వుంది. తప్పు ఎవరిదో తేల్చకుండా ప్రతి కాల్‌కూ కంపెనీయే చెల్లించాలనడం న్యాయం కాదని కోర్టు అన్నది. మనకిది నిరాశ కలిగించవచ్చు. కాని ఇందులో పాఠం వొకటుంది. కారణం కొలవలేనిచోట శిక్ష నిలవదు. కొలత లేని న్యాయం గాలిలో దీపం.

2024లో నియమాలను మరోసారి సవరించారు. జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే, నెల చివర బిల్లు కట్టేవారికి ఆ మేరకు అద్దె తగ్గించాలి, ముందుగా రీఛార్జి చేసుకొన్నవారికి గడువు పెంచాలి. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు వుంది. ఏ వూళ్ళో ఏ సేవ అందుతుందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్నది కూడా అప్పటి నియమమే. కాని గమనించండి, అక్కడ లెక్క జిల్లాకు. వొక్క వూరి టవరు మూగబోతే? అక్కడ మాట్లాడాల్సింది ఆ వూరివాళ్ళే.

మీరు చేయగలిగిన ప్రయోగం

దీనికి వొక నోటు పుస్తకం, పెన్సిలు, ఇంట్లో ఫోను చాలు. పేజీని గడులుగా గీయండి: తేదీ, వేళ, చోటు, సిగ్నల్ బలం, ఎన్నిసార్లు ప్రయత్నించాం, ఎన్నిసార్లు తెగింది, ఇంటర్నెట్ వేగం.

సిగ్నల్ బలాన్ని గీతల్లో రాయకండి. ఏ గీతకు ఎంత బలం అన్నది వొక్కో ఫోనులో వొక్కో తీరు. సెట్టింగులలో సిమ్ వివరాలు చూస్తే చాలా ఫోన్లలో డి.బి.ఎం. అనే అంకె కనిపిస్తుంది. అది రుణ సంఖ్య. −80 మంచిది, −110 బలహీనం. 10 తగ్గినప్పుడల్లా శక్తి పదో వంతు అవుతుంది. కనుక −80 కంటే −110 ఎన్ని రెట్లు తక్కువ? మూడు పదులు తగ్గింది గనక వెయ్యి రెట్లు! వేగం కొలవడానికి ట్రాయ్ వారి "మైస్పీడ్" యాప్ వుంది.

పది రోజులపాటు, ఉదయం ఆరుకు, మధ్యాహ్నం వొంటిగంటకు, రాత్రి ఎనిమిదికి, అదే చోట నిలబడి కొలవండి. చోటు మార్చి కొలిస్తే వేళ ప్రభావం తెలియదు. వేళ మార్చి కొలిస్తే చోటు ప్రభావం తెలియదు. ప్రయోగంలో వొకేసారి వొక్కటే మార్చాలని మీ సైన్సు మాస్టారు చెప్పేది దీనికే. మీ వీధిలో నలుగురు కలిసి, వేర్వేరు కంపెనీల ఫోన్లతో కొలిస్తే ఇంకా బాగు.

ఫలితం ఏం చెబుతుంది? ఇంట్లో తక్కువ, ఆరుబయట ఎక్కువ అయితే మీ శ్లాబే దోషి. అన్ని వేళలా, అన్ని చోట్లా తక్కువైతే టవరు దూరం. సిగ్నల్ బలంగా వుండి రాత్రిపూట మాత్రమే వేగం పడిపోతే గుంపు. సిగ్నల్ బలంగా వుండి ఏ వేళా ఏదీ సాగకపోతే టవరు వెనక దారిని అనుమానించాలి. వొక కంపెనీది మాత్రమే అధ్వాన్నమైతే నెంబరు మార్చకుండానే వేరే కంపెనీకి మారవచ్చు. ఈ హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులో వుంది.

ఫిర్యాదుకూ వొక వరస వుంది

ఆ పుస్తకం పెద్దవాళ్ళకు చూపించండి. వాళ్ళ పేరుమీద ఫిర్యాదు చేయించండి.

మొదట 198కి ఫోను చేయాలి. ఫిర్యాదు నమోదు కాగానే వొక నెంబరు ఇస్తారు. అది తప్పక రాసుకోవాలి. నెంబరు లేని ఫిర్యాదు నీళ్ళమీది రాత. పరిష్కారం కాకపోయినా, నచ్చకపోయినా అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్ళాలి. ట్రాయ్ 2012 నియమాల ప్రకారం అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది నేరుగా ట్రాయ్‌కు రాసి, జవాబు రాలేదని బాధపడతారు. ట్రాయ్ నియమాలు చేస్తుంది గాని వొక్కొక్కరి ఫిర్యాదునూ విచారించదు.

ఆ తర్వాత వినియోగదారుల కమిషను వుంది. ఇక్కడ కూడా చరిత్ర వుంది. టెలిఫోను బిల్లుల తగాదాలు వినియోగదారుల కోర్టుకు రాకూడదని, 1885 నాటి టెలిగ్రాఫు చట్టం చెప్పిన మధ్యవర్తి దగ్గరికే వెళ్ళాలని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్రిటిషువారి తంతి చట్టం సెల్ ఫోనుకు అడ్డం పడింది! 2022 ఫిబ్రవరిలో మరో కేసు వచ్చింది. నెలకు వందల్లో వచ్చే బిల్లు హఠాత్తుగా 24 వేల రూపాయలు దాటిందని వొక వినియోగదారుడు అహ్మదాబాదులో వేసిన ఫిర్యాదు అది. కంపెనీ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. వినియోగదారుల కోర్టు తలుపు తెరిచే వుందని ఈసారి తీర్పు వచ్చింది. దారి తెలియనివారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నెంబరు 1915కు ఫోను చేసి అడగవచ్చు.

మరొక్క మాట. 198లో పలికే అమ్మాయినీ, నిచ్చెన భుజాన వేసుకొని వచ్చే కుర్రవాడినీ తిట్టకండి. టవర్లు ఎన్ని పెట్టాలో, వొక మనిషికి ఎన్ని వూళ్ళు అప్పగించాలో నిర్ణయించేది వాళ్ళు కాదు. మీ పుస్తకంలోని అంకెలు వాళ్ళకు కూడా ఉపయోగపడతాయి. "నెట్ రావడంలేదు" అంటే వాళ్ళు ఏమీ చేయలేరు. "పది రోజులుగా రాత్రి ఎనిమిదికి సిగ్నల్ −82 వుండి కూడా వేగం 1 మెగాబిట్టుకు మించడంలేదు" అంటే ఎక్కడ వెతకాలో వాళ్ళకు తెలుస్తుంది.

మొదట చెప్పిన పత్తి బోరేల దగ్గరికి వద్దాం. మేడమీద మాత్రమే ఓటీపీ వస్తుందని మీ పుస్తకం ముందే చెప్పి వుంటే, మీరు మేడమీదే కూర్చొని నింపేవారు. ఉదయం ఆరుకు వేగం బాగుంటుందని తెలిసి వుంటే ఏడు దాకా ఆగేవారు కాదు. అది ఇవాళ్టికి గట్టెక్కే దారి. వూరు వూరంతా కలిసి పది రోజుల అంకెలతో ఫిర్యాదు చేస్తే, వచ్చే పంట నాటికి ఎవరూ మేడ ఎక్కనక్కర్లేకుండా చేసే దారి కూడా దొరకవచ్చు.

నోటు పుస్తకం వుందిగా? మొదటి గడిలో ఇవాళ్టి తేదీ వేయండి.